‘అవన్నీ ఒకటేలే అమ్మా!’

“బుజ్జీ, నా మెయిల్ నిండిపోయిందట. ఎవరేం పంపినా వెనక్కి పోతోందట. పండక్కి వచ్చినప్పుడు కాస్త చూసిపెట్టు.”

2024 దసరాకి వారం ముందు నాన్న ఫోన్లో అన్న మాట ఇది. రోజూ రాత్రి ఎనిమిదింపావుకి ఆయన ఫోన్ వస్తుంది. “తిన్నావా?” “తిన్నా. నువ్వు?” “అయింది. ఆఫీసు?” “నడుస్తోంది. ఒంట్లో ఎలా ఉంది?” “నాకేం, బ్రహ్మాండం.” అంతే. రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఒక చెవిన ఫోన్, ఒక చేత్తో కుక్కర్. ఏళ్ల తరబడి ఇవే మాటలు. ఆ రోజు మాత్రం మెయిల్ సంగతి కొత్తగా కలిసింది.

“అదెంతసేపు నాన్నా, పది నిమిషాల పని” అన్నాను.

నాలుగు రోజులు పట్టింది. అది మెయిళ్ల సంగతే అయితే మీకు చెప్పేదాన్ని కాదు. మీ అమ్మానాన్నల ఫోన్లో కూడా ఇలాంటి నిండిపోయిన మెయిల్ ఒకటి ఉండే ఉంటుంది కాబట్టి చెబుతున్నాను.

మాది తెనాలి. నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. కంప్యూటర్ నేర్చుకున్నది నలభై అయిదు దాటాక. కానీ పట్టుకుంటే వదిలే మనిషి కాదు. పదో తరగతి మోడల్ పేపర్లన్నీ స్కాన్ చేసి పిల్లలకీ, తోటి మాస్టార్లకీ మెయిల్ చేసేవారు. వాళ్లు “థాంక్యూ సర్” అని రిప్లై ఆల్ కొట్టేవాళ్లు. కొందరు సందేహాలడుగుతూ అదే పేపరు మళ్లీ జతచేసి పంపేవాళ్లు. ఒక్క పేపరు పాతికసార్లు తిరిగొచ్చేది. పైగా మెయిల్లో ఏ ఫైలు జతచేసినా అది అక్షరాల రూపంలోకి మారి వెళ్తుంది కాబట్టి, అసలు సైజు కంటే దాదాపు మూడో వంతు పెరుగుతుంది. అలా పదిహేనేళ్లు!

ముందు ఆయన గూగుల్ ఖాతాలో స్టోరేజ్ పేజీ తెరిచాను. ఉచితంగా వచ్చేది 15 జీబీ. అది మెయిల్ ఒక్కదానికే కాదు. డ్రైవ్, ఫొటోలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. 2021 జూన్ 1 దాకా కాస్త తగ్గించిన నాణ్యతతో దాచుకునే ఫొటోలు లెక్కలోకి రాలేదు. ఆ తర్వాత అవీ వస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు అందులో భాగమే. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ మొదలైనప్పుడు 1 జీబీ ఇస్తామంటే ఏప్రిల్ ఫూల్ అనుకున్నారట జనం. మా నాన్న దగ్గర ఒక్క మెయిలే 11 జీబీ ఉంది.

“డబ్బులు కట్టి జాగా పెంచుకుందామా నాన్నా? నెలకి పెద్ద ఖర్చేం కాదు.”

“చెత్త పెట్టుకోడానికి అద్దె కడతారా ఎవరన్నా?” అన్నారు.

దాంతో చర్చ ముగిసింది. ఆయన షరతులు రెండు. ఒకటి, ఒక్క మెయిల్ కూడా పోకూడదు. రెండు, మొత్తం తన దగ్గరున్న పెన్ డ్రైవ్‌లో పట్టాలి. ఆ పెన్ డ్రైవ్ 32 జీబీది. ఎవరో పాత విద్యార్థి ఇచ్చాడట. సీలు కూడా తీయకుండా బీరువాలో దాచారు.

సరే, మొదలుపెట్టాను. గూగుల్‌లో ‘టేకవుట్’ అని ఒక సదుపాయం ఉంది. మన మెయిళ్లన్నీ మూటగట్టి ఇస్తుంది. అవి ‘ఎంబాక్స్’ అనే రకం ఫైలుగా వస్తాయి. చెప్పాలంటే అదొక పొడవాటి చాంతాడు. ఒక ఉత్తరం కింద ఇంకో ఉత్తరం అతికించుకుంటూ పోయినట్టు వేల మెయిళ్లు ఒకే ఫైల్లో ఉంటాయి. దాన్ని చదవడానికి నా ల్యాప్‌టాప్‌లో ‘థండర్‌బర్డ్’ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకున్నాను.

అక్కడితో అయిపోతుందనుకున్నా. నాన్న మంచం కింద నుంచి పాత సీపీయూ లాగారు. “ఇందులో ముందువి ఉన్నాయి.” అది 21 జీబీ. ఆ తర్వాత అటక మీద నుంచి ఒక హార్డ్ డిస్క్ దిగింది. “ఇది 2016లో సీపీయూ పాడైతే తీయించిన కాపీ.” అది 14. జీమెయిల్‌లో 11. మొత్తం 46 జీబీ. లెక్కపెడితే 71 వేల పైచిలుకు మెయిళ్లు!

ఏదో ఒకటి వెతికి చూద్దామని నాన్న పెన్షన్ కాగితం పేరు కొట్టాను. ఆరుసార్లు వచ్చింది. ఆరూ ఒకటే మెయిల్. హార్డ్ డిస్క్ కాపీలో ఒకటి, జీమెయిల్‌లో ఒకటి. సీపీయూలోనే నాలుగు ఎందుకున్నాయా అని ఆలోచిస్తే తట్టింది. పాత రోజుల్లో మెయిల్ ప్రోగ్రాములు ‘పాప్’ పద్ధతిలో మెయిళ్లు దింపుకునేవి. సర్వర్‌లో కూడా ఒక కాపీ ఉంచమని టిక్ పెట్టుకుంటాం, భద్రత కోసం. ఏవేవి దింపిందో ప్రోగ్రామ్ తన దగ్గర జాబితా రాసుకుంటుంది. కంప్యూటర్ ఫార్మాట్ కొట్టించగానే ఆ జాబితా పోతుంది. ప్రోగ్రామ్ మళ్లీ అన్నీ కొత్తవే అనుకుని మొదటి నుంచి దింపుకుంటుంది. మా ఊరి కంప్యూటర్ షాపులో నాన్న సీపీయూకి ఎన్నిసార్లు ఫార్మాట్ జరిగిందో ఈ కాపీలే సాక్ష్యం. ప్రతిసారీ పాత ఫోల్డర్‌ని పక్కన పెట్టించి, కొత్తదాంతో పాటు దాన్నీ ఉంచుకునేవారు.

“డూప్లికేట్లు తీసేద్దాం నాన్నా. ఒక్కోదానికి ఒకటి ఉంచి మిగతావి కొట్టేస్తా.”

“రెండూ ఒకటేనని నీ కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది?” లెక్కల మాస్టారు కదా, రుజువు కావాలి.

ఒక మెయిల్ తెరిచి దాని వెనకాల దాగి ఉండే వివరాలు చూపించాను. ప్రతి మెయిల్‌కీ ‘మెసేజ్ ఐడీ’ అని ఒక పొడవాటి గుర్తు ఉంటుంది. పంపే ప్రోగ్రామో, సర్వరో దాన్ని అతికిస్తుంది. ప్రపంచంలో ఏ రెండు మెయిళ్లకీ అది ఒకటి కాకూడదని నియమం. 1982 నాటి ఈ-మెయిల్ ప్రమాణాల్లోనే దాని ప్రస్తావన ఉంది. అదే మెయిల్‌ని ఎన్నిసార్లు దింపుకున్నా ఆ గుర్తు మారదు. కాబట్టి గుర్తు కలిస్తే డూప్లికేట్, కలవకపోతే వేరే మెయిల్.

నాన్న కళ్లజోడు సర్దుకుని చదివారు. “ఓహో, హాల్ టికెట్ నంబరన్నమాట” అన్నారు. “మా 2003 బ్యాచ్‌లో ఇద్దరు శ్రీనివాసరావులు. ఇంటిపేరొకటే, తండ్రి పేరొకటే. ఒకడు పాసయ్యాడు, ఒకడు తప్పాడు. పేరు చూసి మార్కులు వేస్తే ఏమయ్యేది?”

ఇంతకంటే బాగా నేనెప్పుడూ చెప్పలేను. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి ఇప్పుడు ఇదే చెబుతున్నా.

థండర్‌బర్డ్‌లో డూప్లికేట్లు వెతికే యాడ్-ఆన్ ఒకటి వేసుకుని, మెసేజ్ ఐడీ ఒక్కటే ప్రమాణంగా పెట్టి రాత్రి వదిలేశాను. పొద్దున్నకి 24 వేల డూప్లికేట్లు దొరికాయి. ముందుగా మొత్తానికి ఒక కాపీ వేరే డిస్క్‌లో పెట్టుకునే ఉన్నా కాబట్టి ధైర్యంగా కొట్టేశాను. చూస్తే సైజు ఇంకా 46 జీబీయే! కాసేపు బుర్ర తిరిగింది. తర్వాత గుర్తొచ్చింది. ఈ ఎంబాక్స్ చాంతాడులో ఒక ఉత్తరం కొట్టేస్తే అది వెంటనే తెగి పడదు. దాని మీద ‘తీసేశారు’ అని ఒక గుర్తు మాత్రం పడుతుంది. ‘కాంపాక్ట్’ అనే పని చేయిస్తేనే నిజంగా పోయి జాగా వస్తుంది. చేయించాను. 31 జీబీకి దిగింది.

పెన్ డ్రైవ్ మీద 32 అని రాసి ఉంది. కంప్యూటర్‌కి పెడితే 29.8 అని చూపించింది. తయారుచేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. అదీ తేడా. అంటే నాకింకా ఒక జీబీ పైన తగ్గాలి.

అప్పటికి మూడో రోజు. దసరా వెళ్లిపోయింది. మర్నాడు సాయంత్రం హైదరాబాద్ బస్సు. అమ్మ అరిసెలు డబ్బాలో సర్దుతోంది. నాకు విసుగొచ్చేసింది. ‘అసలు ఈ ఓటీపీలు, ఆఫర్లు ఎవడిక్కావాలి? పంపినవాళ్లూ సబ్జెక్టూ ఒకటే అయితే చాలు, డూప్లికేట్ కిందే లెక్క’ అనుకుని మెసేజ్ ఐడీ, తేదీ రెండిటి టిక్కులూ తీసేశాను. హాల్ టికెట్ నంబరు పక్కన పెట్టి పేరు చూసి మార్కులు వేయడమంటే ఇదే. తెలిసే చేశాను.

ఇంకో 9,400 వచ్చాయి. గుంపులు గుంపులుగా జాబితా చూపించింది. ప్రతి గుంపులో మొదటిది ఉంచుతుంది, మిగతావి పోతాయి. “నాన్నా, ఒకే రకం మెయిళ్లన్నీ తీసేస్తున్నా. ఓటీపీలు, రైలు టికెట్లు, ల్యాబ్‌వాళ్లవీ...”

అరుగు మీద సుడోకు నింపుతున్న నాన్న తల ఎత్తకుండానే అన్నారు. “ల్యాబ్‌వి తీసెయ్యి, తీసెయ్యి. అవన్నీ ఒకటేలే అమ్మా.”

మరీ అంత తొందరగా చెప్పారు. ‘ఒక్క మెయిల్ కూడా పోకూడదు’ అన్న మనిషి. ఎప్పుడో 2009లో ఎవరో పంపిన వినాయకచవితి శుభాకాంక్షలు కూడా తీయనివ్వని మనిషి.

ఆ గుంపు మీద నొక్కాను. 13 మెయిళ్లు. పంపింది ఒకే ల్యాబ్. సబ్జెక్టు ఒకటే, ‘మీ రిపోర్టు సిద్ధంగా ఉంది’ అని. లోపల రాసిన రెండు లైన్లూ ఒకటే. జతచేసిన ఫైలు పేరు కూడా ఒకటే. సైజులు మాత్రం 286, 288, 287 కేబీ. మూడు నెలలకొకటి చొప్పున 2021 జులై నుంచి 2024 జులై దాకా ఉన్నాయి. మొదటిది తెరిచాను. షుగర్, కొలెస్ట్రాల్, ఇంకేవో. ఆఖరుది తెరిచి పక్కన పెట్టాను. రెండో పేజీలో ఒక వరుస లావు అక్షరాల్లో ఉంది. క్రియాటినిన్ 2.1. పక్కనే, ఉండాల్సింది 0.7 నుంచి 1.3 అని. మొదటి రిపోర్టులో అదే వరుస 1.1.

మధ్యలోవన్నీ ఒక్కొక్కటే తెరిచి కాగితం మీద రాసుకున్నా. 1.1, 1.1, 1.2, 1.2, 1.3, 1.4, 1.4, 1.5, 1.6, 1.7, 1.8, 2.0, 2.1.

నాకు డాక్టరీ తెలీదు. క్రియాటినిన్ అంటే మూత్రపిండాలు ఒంట్లోంచి వడకట్టి పంపాల్సిన వ్యర్థమనీ, అది రక్తంలో పెరుగుతోందంటే అవి సరిగ్గా పనిచేయడం లేదేమోనని అనుమానించాలనీ మాత్రం తెలుసు. నాన్నకి పదిహేనేళ్లుగా షుగరూ, బీపీ. ఈ రెండూ కిడ్నీల మీద దెబ్బతీస్తాయని ఎవరైనా చెబుతారు.

ఇంకో సంగతి. ఆ గుంపులో మొదటిది ఉంచి మిగతావి కొట్టేస్తుందని చెప్పా కదా. నేను గానీ బటన్ నొక్కి ఉంటే మిగిలేది 1.1 ఉన్న రిపోర్టు. అంతా బాగున్న రిపోర్టు.

కాగితం పట్టుకుని అరుగు మీదకి వెళ్లాను.

“నాన్నా, క్రియాటినిన్ అంటే ఏంటి?”

పెన్ను ఆగింది. “ఇప్పుడు అదెందుకు?”

“అన్నీ ఒకటేనన్నావుగా. ఇందులో 1.1 ఉంది, ఇందులో 2.1 ఉంది.”

“ఒక్క పాయింటే కదమ్మా.”

“1.1కి 1 పెరిగితే ఎంత శాతం? నువ్వే చెప్పు.”

కాసేపు మాట్లాడలేదు. సుడోకు గడుల వైపే చూస్తూ, “తొంభై దాటుద్ది” అన్నారు.

వీధిలో ఎవరో పూలమ్మి కేకేసుకుంటూ పోయింది. లోపల అమ్మ డబ్బా మూత పెడుతున్న చప్పుడు.

“డాక్టరు చూశాడా ఇవి?”

“చూశాడు. గుంటూరో విజయవాడో వెళ్లి కిడ్నీ డాక్టరుకి చూపించుకోమన్నాడు.”

“ఎప్పుడు?”

“నిరుడు సంక్రాంతికి.”

“మరి?”

“నువ్వు అప్పుడే ఫ్లాట్ తీసుకున్నావు. లోన్ మొదలైంది. చెబితే ఉద్యోగం వదిలేసి వచ్చి కూచుంటావు. పెరుగుతోంది గానీ, నాకు తేడా ఏం తెలీడం లేదమ్మా. తిరుగుతున్నా, తింటున్నా.” ఆగి, మెల్లగా అన్నారు. “మోకాళ్ల నొప్పులొక్కటే. దానికి మాత్ర వేసుకుంటున్నా.”

ఆ మాత్ర మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నది. రెండేళ్లుగా దాదాపు రోజూ.

నేను అరవలేదు. అరవాల్సింది ఎవరి మీద? నిరుడు సంక్రాంతి నుంచి ఆ రోజు దాకా ఎన్ని రాత్రులు ఎనిమిదింపావుకి మాట్లాడుకున్నాం! “ఒంట్లో ఎలా ఉంది?” అని రోజూ నేనే అడిగాను. “బ్రహ్మాండం” అని రోజూ ఆయనే చెప్పారు. ఏ రోజు ఆ గొంతు కాస్త తగ్గిందో, ఏ రోజు ‘బ్రహ్మాండం’ కాస్తా ‘బాగానే’ అయిందో నేను పట్టించుకోలేదు. నా లెక్కలో ఆ ఫోన్లన్నీ ఒకటే. సబ్జెక్టు చూసి డూప్లికేట్ అనేసుకున్నా.

అమ్మకి ఆ సాయంత్రమే తెలిసింది. ఏమీ అనలేదు. రాత్రి భోజనంలో నాన్న కంచం పక్కన ఆవకాయ జాడీ పెట్టలేదు. ఆయనా అడగలేదు.

బస్సు టికెట్ రద్దు చేశాను. రెండు రోజుల తర్వాత విజయవాడలో కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. 13 రిపోర్టులూ ప్రింటు తీయించి తేదీల వారీగా కుట్టి ఇచ్చాను. ఆయన ఒక్కొక్క కాగితం తిప్పుతూ, “ఇవి దాచడం మంచి పని. ఒక్క రిపోర్టుంటే ఇవాళ ఎంతుందో తెలుస్తుంది. ఇన్ని ఉంటే ఎంత వేగంగా పెరుగుతోందో తెలుస్తుంది. నాకు కావాల్సింది అదే” అన్నారు.

నాన్న నా వైపు చూశారు. నేను గోడ మీద క్యాలెండర్ వైపు చూశాను.

మొదట ఆపించింది ఆ నొప్పి మాత్రల్ని. కొన్ని రకాల నొప్పి మాత్రలు రోజుల తరబడి వాడితే కిడ్నీలకి చేటు చేస్తాయనీ, షుగరూ బీపీ ఉన్నవాళ్లయితే అసలు సొంతంగా వాడకూడదనీ చెప్పారు. బీపీ మందు మార్చారు. ఉప్పు తగ్గించమన్నారు. పోయిన శక్తి తిరిగి వస్తుందని మాత్రం అనలేదు. ఉన్నదాన్ని కాపాడుకుందాం అన్నారు. ఆవకాయ సంగతి నాన్నే అడిగారు, చాలా మెల్లగా. డాక్టరు నవ్వి, “పండక్కి, పబ్బానికి. నాలిక్కి తగిలేంత” అన్నారు. అమ్మ ఆ మాటని ఇప్పటికీ చట్టంలా అమలు చేస్తోంది.

ఇక మెయిళ్ల సంగతి. తిరిగొచ్చాక ఆ 9,400 జాబితాని వదిలేశాను. ఓటీపీల్లాంటివి పంపినవాళ్ల పేరుతో వెతికి, తెరిచి చూసి, ఆ గుంపులే తీశాను. నేనే ఒక 64 జీబీ పెన్ డ్రైవ్ కొన్నాను. “ఉన్నదాంట్లో పట్టదా?” అన్నారు నాన్న. “పట్టించబోయే కదా ఇంత అయింది” అన్నా. మళ్లీ మాట్లాడలేదు. జీమెయిల్‌లో పాతవి తీసేసి, బిన్ కూడా ఖాళీ చేశాక 4 జీబీకి వచ్చింది. ఇప్పుడు ఎవరు పంపినా వెనక్కి పోవడం లేదు.

మీరూ ఈ పని పెట్టుకునేట్టయితే, నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్న నాలుగు ముక్కలు చెబుతా.

ముందు స్టోరేజ్ పేజీ చూడండి. జాగా తింటున్నది మెయిలో, ఫొటోలో, వాట్సాప్ బ్యాకప్పో తెలియకుండా దేన్నీ కొట్టొద్దు. మెయిలే అయితే పెద్దవాటితో మొదలుపెట్టండి. జీమెయిల్ సెర్చ్ గడిలో ఇంగ్లీషులో ‘లార్జర్’ అని రాసి, కోలన్ పెట్టి, పక్కనే ఖాళీ లేకుండా ‘10ఎం’ అని కొడితే 10 ఎంబీ దాటినవన్నీ వస్తాయి. పది పెద్ద మెయిళ్లు తీస్తే వెయ్యి చిన్నవి తీసినంత జాగా వస్తుంది.

తీసే ముందు టేకవుట్‌తో మొత్తం దింపుకోండి. అది పూర్తిగా దిగిందో లేదో, తెరుచుకుంటోందో లేదో చూశాకే తర్వాతి పని. తీసేసినవి జీమెయిల్ బిన్‌లో 30 రోజులుంటాయి. ఆలోపు మనసు మారితే తిరిగి తెచ్చుకోవచ్చు. కానీ అవి అక్కడ ఉన్నంతసేపూ జాగా లెక్కలోనే ఉంటాయి.

జీమెయిల్‌లో ఒకే మెయిల్‌కి రెండు మూడు లేబుళ్లుంటే అది ఒకటే మెయిల్, కాపీలు కాదు. థండర్‌బర్డ్‌లాంటి వాటికి కలిపితే మాత్రం ఇన్‌బాక్స్‌లో ఒకటి, ‘ఆల్ మెయిల్’లో ఒకటి కనిపిస్తుంది. డూప్లికేట్ అనుకుని ఒకటి తీస్తే రెండో చోట కూడా మాయమయ్యే ప్రమాదం ఉంది. అందుకే డూప్లికేట్లు వెతికే పని కంప్యూటర్లోకి దింపుకున్న కాపీ మీదే చేయండి.

పెన్ డ్రైవ్‌లోకి ఎక్కిస్తుంటే ‘ఫైల్ మరీ పెద్దది’ అని మొరాయిస్తే కంగారు పడకండి. పాత ‘ఫ్యాట్ 32’ పద్ధతిలో ఉన్న డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలుని తీసుకోదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. ఖాళీ డ్రైవ్‌ని ‘ఎక్స్‌ఫ్యాట్’ పద్ధతిలో ఫార్మాట్ చేస్తే సరిపోతుంది. ఇంకొకటి, అమ్మానాన్నల పాత గూగుల్ ఖాతాలుంటే అప్పుడప్పుడూ తెరుస్తుండండి. రెండేళ్లు వాడకుండా వదిలేసిన ఖాతాలని తొలగించే పద్ధతి 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది.

అన్నిటికంటే ముఖ్యం, డూప్లికేట్ అని తేల్చాల్సింది మెసేజ్ ఐడీతో. పేరు, సబ్జెక్టు కలిసినంత మాత్రాన ఒకటే అనుకోవద్దు. మరీ ముఖ్యంగా, ల్యాబులూ బ్యాంకులూ పంపేవి. పై కవరు ఎప్పుడూ ఒకటే ఉంటుంది. లోపలి అంకె మారుతుంది.

ఏడాది గడిచింది. నాన్న మూడు నెలలకోసారి ఇప్పటికీ అదే ల్యాబ్‌కి వెళ్తున్నారు. రిపోర్టు రాగానే నాకు ఫార్వర్డ్ చేస్తారు. కానీ సబ్జెక్టు మార్చి పంపుతారు. ‘జనవరి - 2.1’, ‘ఏప్రిల్ - 2.0’, ‘జులై - 2.1’. మొన్నటిది ‘అక్టోబరు - 2.1, మార్పు లేదు, ఆవకాయ కూడా లేదు’. ఈ జబ్బులో మార్పు లేకపోవడమే శుభవార్త అని డాక్టరు చెప్పారు.

రాత్రి ఎనిమిదింపావు ఫోన్ మామూలే. ఇప్పుడు “ఒంట్లో ఎలా ఉంది?” అని అడగడం మానేశాను. “పొద్దున బీపీ ఎంతుంది? మోకాళ్లకి ఏం రాశావు? ఎంత దూరం నడిచావు?” అని అడుగుతున్నా.

“నువ్వు కూతురివా, కాంపౌండరువా?” అని విసుక్కుంటారు. విసుక్కుంటూనే నోటుబుక్కు తెరుస్తున్న చప్పుడు వినిపిస్తుంది. తర్వాత అంకెలు చదువుతారు, క్లాసులో ఎక్కం చెప్పినట్టు, ఒక్కొక్కటీ విడివిడిగా.

కుక్కర్ కట్టేసి వింటున్నాను.